వేలిముద్ర లేని మాఫీ కాగితం

ఇద్దరు వకీళ్లు నాలుగు నెలల తేడాతో పోయారు. ఇద్దరికీ కలిపి తార్నాకలో ఒక ఫంక్షన్ హాల్లో సంతాప సభ పెట్టారు. ఉద్యమం కేసుల్లో వాళ్ల సాయం పొందినవాళ్లు రెండు మాటలు మాట్లాడాలని నాకూ ఫోన్ వచ్చింది.

సంతాప సభలంటే నాకు నమ్మకం లేదు. ఫోటోకు దండ పడగానే అందరూ ఒక్కతీరు మనుషులవుతారు. అందరూ నిరాడంబరులే, అందరూ పేదల పక్షమే. వాయిదాకు తాను రాకుండా జూనియర్‌ను పంపినవాడు కూడా ఆ రోజు కోర్టే ప్రాణంగా బతికినవాడవుతాడు. అయినా వెళ్లాను. ఆ ఇద్దరిలో ఒకాయన మీద నాకు పదేళ్లకు పైగా అనుమానం. ఆ అనుమానం సంగతే ఇది.

నేను యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంటమనిషిని. పర్మినెంటు కాదు, రోజు కూలి. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. నెలనెలా రిజిస్టర్‌లో వేలిముద్ర వేసి జీతం తీసుకునేదాన్ని. నా పక్కన ఇంకొకామె పని చేసేది. నాకన్నా ఆరేళ్లు చిన్న, చెల్లె అని పిలిచేదాన్ని. ఇద్దరం ఒకే ఇంకు డబ్బాలో వేలు అద్ది, ఒకే గుడ్డకు తుడుచుకునేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం ముదిరినప్పుడు హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. మెస్సుకు తాళం పడింది. నీళ్లు, కరెంటు బంద్. పిల్లలు మాత్రం కదలలేదు. మేమిద్దరం తాళం పడకముందే బయటికి తెచ్చిన మెస్సు గిన్నెలతో, హాస్టల్ వెనక వేపచెట్టు కింద మూడు రాళ్లు పెట్టి అన్నం, పప్పు వండాం. ఒకరోజు గేటు దగ్గర పోలీసులు పేల్చిన గ్యాసు పొగ గాలికి మా వైపు కొట్టింది. నేను మూత కోసం తడుముకునేలోపు చెల్లె తన కొంగు తీసి గిన్నె మీద కప్పింది. తన మొహానికి కాదు, పప్పుకు. ఆమె అట్లాంటి మనిషి.

వారం తిరగకుండా మా ఇద్దరి మీద పోలీసు కేసు పడింది. ఆ వెనకే హాస్టల్ ఆఫీసు నుంచి మెమో వచ్చింది, చెప్పకుండా మెస్సు సామాను వాడామని. దానికి జవాబు సరిగా ఇయ్యకపోతే పని పోతుంది.

అప్పుడు దొరికారు ఈ వకీళ్లు. ఒకాయన మనోడు. అదే హాస్టల్లో ఐదేళ్లు మా వంట తిని చదువుకున్నవాడు. నల్లకోటు వేసుకుని ఊరేగింపుల్లో ముందు నడిచేవాడు. మైకు అక్కర్లేని గొంతు.

"పెద్దమ్మా, నీ చేతి పప్పు తిని వకీలునైన. నీ పని ఎట్ల పోతదో నేను చూస్త" అన్నాడు.

రెండో ఆయన నెమ్మది మనిషి. కోస్తా నుంచి వచ్చి తండ్రి కాలంలోనే తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం. ఇంటి ముందుగదే ఆఫీసు. విద్యార్థుల కేసులు ఇద్దరూ కలిసి, ఫీజు లేకుండా చూసేవాళ్లు. మనోడు చేశాడంటే అర్థముంది. ఈయన ఎందుకు చేస్తున్నాడో మాకు అంతుపట్టలేదు.

"పైసలు గూడ వద్దంటుండు అక్కా. ఊకెనే చేస్తడా ఎవడన్న?" అంది చెల్లె.

"గదే నాకు సమజైతలేదు" అన్నాను.

ఆ ముందుగదిలో ఆయన మా చేత వకాలతు మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. తర్వాత మూడు తెల్ల కాగితాలు తీసి నా ముందు పెట్టాడు.

"ఇవెందుకు సార్?"

"అవసరం పడితే ఉంటాయని అమ్మా. ప్రతిసారీ పని మానుకుని మీరేం వస్తారు."

వేలిముద్రగాళ్ల దగ్గర వకీళ్లు అట్లా తీసుకోవడం మామూలేనని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఆ సంగతి తెలియదు. అయినా వేశాను. చెల్లె చెయ్యి కొంగులో దాచుకుంది.

"ఏమన్న రాసినంకనే ఏస్త సార్. ఉత్త కాయిదం మీద ఎయ్య."

నెల తర్వాత ఆమె పని పోయింది. నా పని నిలిచింది. ఆఫీసు గుమాస్తా చెల్లె ముందే నాతో అన్నాడు, "నీకేం ఫికర్ లేదు, నీ మాఫీ కాయిదం అందింది వార్డెన్ సార్‌కు."

చెల్లె నా మొహంలోకి చూసింది.

"మాఫీ అడిగినవా అక్కా?"

"నా మీద ఒట్టు. నాకు తెల్వది."

"నీకు తెల్వకుంట నీ మాఫీ ఎట్లొస్తది? ఉత్త కాయిదం మీద ఏలు ఊకెనే పెట్టినవా?"

గిన్నెలు కడుగుతున్నది కడుగుతున్నట్టే వదిలి వెళ్లిపోయింది. హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్‌లో పనికి చేరిందని విన్నాను. మాట పిల్లల దాకా పాకింది. మళ్లీ మెస్సు తెరిచాక ఒకతను నేను వడ్డించబోతే ప్లేటు వెనక్కి లాక్కున్నాడు. "మాఫీ పెద్దమ్మ వస్తున్నది" అని ఇంకొకడు నవ్వాడు. వేపచెట్టు కింద వాళ్ల కోసం వండిపెట్టిన చేయి నాది.

తార్నాక వకీలు ఇంటికి వెళ్లి అడిగాను.

"నా ఏలు మీద ఏం రాసిండ్రు సార్?"

"మీ పని నిలబడింది కదమ్మా. ఇంక ఆ సంగతి వదిలేయండి."

"రాసిందేందో చదివి చెప్పుండ్రి."

"చదివినా మీకేం ఒరుగుతుంది చెప్పండి" అని లోపలికి చూసి టీ తెమ్మన్నాడు. టీ తాగకుండా వచ్చేశాను.

దానితోనే చదువు మొదలుపెట్టాను. తార్నాకలో చర్చి వెనక గదిలో ఒక రిటైరైన టీచరమ్మ ఆడవాళ్లకు సాయంత్రాలు అక్షరాలు నేర్పేది. ఆమెది కూడా కోస్తానే. ముందు నీ పేరు రాయి అంది. నాకు ముందు "మాఫీ" నేర్పమన్నాను. ఎందుకని అడిగింది.

"గా మాట ఏడ కనవడ్డా గుర్తుపట్టాలె మేడం."

యాభై దాటాక వేళ్లు తొందరగా వంగవు. రెండేళ్లకు కూడబలుక్కుంటూ పేపరు చదవగలిగాను. మళ్లీ ఆ వకీలు దగ్గరికి వెళ్లి కాగితం చూపించమన్నాను, ఇప్పుడు నేనే చదువుకుంటానని. ఫైలు ఎక్కడో కింద పడి ఉంది, వెతకాలి అన్నాడు. మళ్లీ వెళ్తే మళ్లీ అదే. రాష్ట్రం వచ్చింది, కేసులు ఎత్తేశారు, ఫైలు మాత్రం దొరకలేదు. మనోడిని అడిగితే భుజం తట్టాడు.

"గవన్ని పాతవి పెద్దమ్మా. ఆయన మంచోడు, ఆయననేం అడుగకు."

వకీలును వకీలు పట్టియ్యడు అనుకున్నాను. అది నిజమే. ఎవరు ఎవరిని పట్టియ్యలేదన్నదే నేను తలకిందులుగా అనుకున్నాను.

ముందు మనోడు పోయాడు, కోర్టు మెట్ల మీదే గుండె ఆగి. తర్వాత ఆయన. ఆయన బిడ్డ ముందుగది ఖాళీ చేస్తూ నాకు ఫోన్ చేసింది. "నాన్నగారి దగ్గరున్న ఫైళ్లు ఎవరివి వాళ్లకి ఇచ్చేస్తున్నామండీ. మీదొకటి ఉంది." పదేళ్లు దొరకనిది అట్ట మీద నా పేరుతో, గుడ్డదారం కట్టి, శుభ్రంగా ఉంది.

ఇంటిదాకా ఆగలేక తార్నాక బస్టాపులో కూచుని విప్పాను. ముందు ఆ మూడు కాగితాలు కనిపించాయి. నా వేలిముద్రలు ఉన్నాయి, పైన ఒక్క అక్షరం లేదు. తిరగేసి చూశాను. ఎండకు పెట్టి చూశాను. మళ్లీ లెక్కపెట్టాను. మూడే.

వాటి కింద మాఫీ కాగితం. పిల్లలు రెచ్చగొడితే బుద్ధి లేక వండానని, క్షమించాలని, మళ్లీ చేయనని. చివర్న నా పేరు, వంపులు తిరిగిన సంతకం. వేలిముద్ర లేదు. ఆ రోజుల్లో నాకు సంతకం ఎక్కడిది?

దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ మీద తార్నాక ఆయన రాత: "మిత్రుడు ఆమె పని కాపాడాలని తానే రాసి, తానే సంతకం చేసి వార్డెన్‌కు ఇచ్చాడు. ఆమెకు చదువు రాదని అతనికి తెలియదు. పని నిలబడ్డాక వెనక్కి తెచ్చాను. ఆమెకు చెప్పవద్దు. తెలిస్తే పని మానేస్తుంది."

ఐదేళ్లు నా చేతి తిండి తిన్నాడు. నాకు అక్షరం రాదని తెలుసుకోలేదు. వార్డెన్‌కు తెలియదా అంటే, నా వేలిముద్రల రిజిస్టర్ నెలనెలా ఆయన ముందుకే పోయేది. చూడలేదో, చూసి ఊరుకున్నాడో. ఆ చీటీ మీద కూడా నాకు అనుమానమే. చెప్పవద్దని ఎవరి కోసం రాసుకున్నట్టు? రేపు తన మీదికి వస్తే చూపించుకోవడానికా? కానీ ఆ మూడు తెల్ల కాగితాల్లో మాత్రం ఎంత వెతికినా నాకు వంకర దొరకలేదు. తెలిస్తే నేను నిజంగా మానేసేదాన్నేమో, లేదేమో. అది నేను తేల్చుకోవలసింది. ఆయన తేల్చేశాడు.

సంతాప సభ ఆ వారంలోనే. మనోడి జూనియర్ ఒకాయన నన్ను చూపించి, ఒక మెస్సు తల్లి కొలువు నిలబెట్టిన మహానుభావుడు మా సార్ అని పొగిడాడు. నాకు మైకు ఇచ్చారు.

"ఇద్దరు నాకు సాయం చేసిండ్రు. ఒకాయన నన్ను అడుగకుంట చేసిండు. ఒకాయన నాకు చెప్పకుంట దాచిండు. ఇద్దరికి దండం" అన్నాను.

చప్పట్లు కొట్టారు. విన్నారో లేదో.

అక్కడి నుంచి రామంతాపూర్ వెళ్లాను, చెల్లె ఇంటికి. గడపలో కూచుని ఎల్లిగడ్డలు ఒలుస్తోంది. తలెత్తి చూసింది.

"ఏందక్కా, తొవ్వ తప్పినవా?"

కూచోమనలేదు. నేనే కూచుని కాగితం, చీటీ రెండూ చదివాను. చేతులు ఆపకుండా వింది.

"చదువుడు నువ్వే చదువవడితివి. గాడ ఏమున్నదో నాకేం ఎరుక?"

కోపం రాలేదు. నేను ఆ ముందుగదిలో కూచున్నది కూడా ఇట్లాగే. కాగితం ఆమె చేతిలో పెట్టాను.

"చదివేది లేదు. కింద చూడు. ఏలు ఉన్నదా?"

చెయ్యి చీరకు తుడుచుకుని చూసింది. వెనక్కి తిప్పి చూసింది. తెల్ల కాగితాల మీది వేలిముద్రలు ఒక్కొక్కటీ చూసింది.

"గప్పుడు నీకు సంతకం ఏడ వచ్చు. ఒక్క డబ్బల ఏలు ముంచితిమి" అంది, నాతో కాదు, కాగితంతో. తర్వాత నా వైపు తిరిగి, "మరి గీ కాయిదంతోనే గద నీ పని నిలవడ్డది?"

"అవు."

"నాకెందుకు రాయలే ఆయన?"

"నా చేతి పప్పు తిన్న అన్నడు."

"పప్పు ఎనిపింది నేను గదనే" అంది చెల్లె.

ఆమె కాగితాలన్నీ మడిచి ఒడిలో పెట్టుకుంది.

"గివి నా కాడ ఉండని. మనుమరాలు బడికెల్లి రాంగనే చదివిస్త. నువ్వు చదివింది, అది చదివేది ఒక్కటేనా చూడాలె."

"చదివించు" అన్నాను.

నేను లేచి చెప్పులు తొడుక్కున్నాక వెనక నుంచి అంది, "రేపు వచ్చి తీస్కపో."