బల్ల చివర ఖాళీ

వీధిలో అందరూ టేపు పెద్దమ్మ అని పిలిచే ఆ దర్జీ, మెడలో కొలతల టేపు లేకుండా గడప దాటదు. ఎవరితో మాట్లాడుతున్నా కళ్లతోనే భుజాల కొలత తీసేస్తుంది. మాట నచ్చకపోతే పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఊరుకుంటుంది. ఆ ఉదయం తమ్ముడు గీసిన బొమ్మను దుప్పట్లో చుట్టుకుని, బొమ్మలకు విలువ కట్టే నిపుణుడి గదికి వచ్చింది. ఆయన కాగితం రాసిస్తేనే మ్యూజియం వాళ్లు దాన్ని తీసుకుంటారు. బొమ్మలో బల్ల మీద ఆమెతో కలిపి ముగ్గురు అక్కచెల్లెళ్లు, చివర ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ మీది దుమ్మును ఆమె వేలి కొసతో తుడిచింది.

ఆయన భూతద్దం దించాడు. "ఇది పూర్తి కాలేదమ్మా. విలువ సగానికి పడిపోతుంది."

"పడితే పడనివ్వండి బాబూ. ఆఖర్న తనను గీసుకుంటానన్నాడు. రంగులు కొనుక్కొస్తానని వెళ్లినవాడు, ముప్పయ్యేళ్లయినా అయిపు లేడు, ఎక్కడున్నాడో తెలీదు."

"మరి ఇంట్లో ఉంచుకోక, ఇచ్చేయడం దేనికి?"

"మా గుమ్మం మర్చిపోయాడేమో గానీ, బొమ్మలున్న చోటికి వెళ్లకుండా వాడుండలేడు. ఏదో ఒకరోజు చూస్తాడు."

ఆయన కలం మూత తీశాడు. తర్వాత కాగితం మీదికి వంగి, "బొమ్మలో ఎంతమంది ఉన్నారని రాయమంటారు?" అని అడిగాడు.

"నలుగురు," అంది పెద్దమ్మ, ఏమాత్రం తడుముకోకుండా.