కస్టమర్ల బెంచీ మీద ఇస్త్రీ మనిషి

ఊళ్లు పట్టుకు తిరిగినన్నాళ్లూ చొక్కాలు ఎక్కడ పడితే అక్కడ ఇస్త్రీకి ఇచ్చాను. కాలరు దగ్గర చిన్న ముడతైనా మిగల్చని చెయ్యి మాత్రం ఒక్కచోటే చూశాను. ఆ లాండ్రీలో పదకొండేళ్లుగా నిలబడే పనిచేస్తోందామె. కుడి మోచేయి పైకి లేవదు. జడ వేసుకోవాలంటే భర్త అక్కగారే దిక్కు. ఆ వదినదీ అక్కడే పని, పక్క బల్ల. మోచేయి పూర్తిగా మొరాయించిన రోజున, ఇన్నేళ్ల సర్వీసుకు రావలసిన డబ్బు తీసుకుని మానేయాలని ఆమె ఆశ.

ఇంతలో కనీస వేతనం పెంచుతూ చట్టం వచ్చింది. దానివల్ల ఉద్యోగాలు పోతాయని లావుపాటి పుస్తకాలు రాసినవాళ్లున్నారు, పోవని అంతకంటే లావువి రాసినవాళ్లూ ఉన్నారు. రెండు రకాలూ చదివాను. కళ్లజోడు నంబరు మారింది తప్ప నాకేమీ తేలలేదు. లాండ్రీ యజమాని ఏ పుస్తకమూ తెరవకుండానే తేల్చేశాడు. ఉన్న నలుగురు పనివాళ్లలో ఇద్దరికి కొత్త జీతం, రిజిస్టర్లో పేరు. ఈ వదినామరదళ్లకు పాత జీతమే, పేరు కొట్టివేత. తనిఖీకి ఎవరైనా వస్తే ఇద్దరూ సంచీ పట్టుకుని కస్టమర్ల బెంచీ మీద కూర్చోవాలి.

"నా కరెంటు బిల్లు చట్టం కడుతుందా? ఇష్టం లేకపోతే ఇద్దరూ ఇంట్లోనే కూర్చోండి," అన్నాడు.

ఓ మధ్యాహ్నం లేబర్ ఆఫీసరు వచ్చాడు. బెంచీకి ఈ చివర నేను, ఆ చివర వాళ్లు. ఆయన కౌంటరు మీది చొక్కా ఒకటి విప్పి చూసి బెంచీ మీద పడేశాడు. ఆమె చెయ్యి ఊరుకోలేదు. కాలరు సర్ది, చేతులు వెనక్కి మడిచి, క్షణంలో పలకలా చేసి పెట్టింది.

"ఎన్నేళ్లుగా చేస్తున్నావమ్మా ఇక్కడ?"

"దానికదో జబ్బు సార్," వదిన అందుకుంది. "మా తమ్ముడి ఒంటిమీదున్న చొక్కా కూడా మడత పెట్టేస్తుంది."

"ఆమెని చెప్పనివ్వండి."

ఆమె వదిన మొహం చూసింది, యజమాని మొహం చూసింది.

"బట్టలివ్వడానికొచ్చానండి."

"అయితే ఈ షాపులో ఎన్నడూ పనిచెయ్యలేదని రాసి సంతకం పెట్టు."

పెన్ను యజమానే అందించాడు. ఆమె పెట్టింది. సాక్షిగా నన్నూ పెట్టమన్నాడు ఆఫీసరు, పెట్టాను.

ఆఫీసరు వెళ్లాక, "గండం గడిచింది. కానివ్వండి, నాలుగింటికి డెలివరీ ఉంది," అన్నాడు యజమాని.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి ఇస్త్రీపెట్టె అందుకుని చొక్కా మీద ఆనించింది.

"మరి పదకొండేళ్లూ నేనెక్కడ చేసినట్టు వదినా?"

"చొక్కా మాడుతోంది, చూసుకోవే," అంది వదిన.