ముప్పై కిలోలా, పన్నెండు కిలోలా

చెరువు నడిమధ్యలో బ్యాటరీ చచ్చిపోతే ఏం చెయ్యాలో బళ్లో ఎవరూ చెప్పలేదు. నేను ఎనిమిదితో ఆపేశాను, తొమ్మిదిలో ఉందేమో తెలియదు. పడవకి మోటారుందన్న పొగరుతో తెడ్లు ఇంట్లోనే వదిలేసి వచ్చాను. చివరికి టిఫిన్ క్యారియర్ మూత ఊడదీసి, దాంతో నీళ్లు వెనక్కి తోసుకుంటూ గట్టుకి చేరాను. గంటన్నర పట్టింది. కాపలా మనిషి బీడీ కాలుస్తూ మొత్తం చూశాడు. కదల్లేదేమని అడిగితే, డాక్టరు చెప్పిన కసరత్తేమో అనుకున్నానన్నాడు.

కుమ్హారి ఊరు దాటాక ఉంది ఆ చెరువు. చేపలు పెంచేవాళ్లకి రోజుకింతని కట్టి గాలం వేసుకోవచ్చు. అక్కడ గట్టున బోర్లించి ఉండే చిన్న ఫైబర్ పడవ సగం నాది, సగం మా బావది. బావ అంటే చుట్టమేమీ కాదు. సెక్టర్ 4లో మా నాన్న క్వార్టరుకి ఎదురు క్వార్టరు. వాళ్లది శ్రీకాకుళం వైపు, మాది విజయనగరం వైపు. స్టీలు ప్లాంటులో రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో ముప్పై ఏళ్లు చేశాడు. నేనేమో సుపేలా బజార్లో ఆటో తోలాను, ఇప్పుడు ఈ-రిక్షా. నా చదువు ఎనిమిదితో ఆగింది, పెళ్లిచూపులు ఆరుతో ఆగాయి. ఆదివారాలు మాత్రం పాతికేళ్లు ఆగలేదు. అతను ముందు కూర్చుని తెడ్డు వేసేవాడు, నేను వెనక కూర్చుని కబుర్లు వేసేవాణ్ణి.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యక తప్పదు కదా. ఊళ్లో కట్టుకున్న ఇంటికి వెళ్లిపోయాడు. ఆర్నెల్లకోసారి వచ్చి నెల్రోజులుంటానన్నాడు. ఏడాదిన్నర అయింది.

ఒక్కడినే తెడ్డు వేస్తే నా భుజం మూడు రోజులు అలిగి మాట్లాడదు. అందుకే మోటారు కొన్నాను. పడవ వెనక అంచుకి బిగిస్తే చాలు, చప్పుడు లేకుండా, చేపలు బెదరకుండా మెల్లగా తోస్తుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ కావాలి. రోజూ నాలుగు బ్యాటరీల మీద కూర్చుని బతికేవాణ్ణి, నాకొకరు చెప్పాలా అనుకుని రిక్షాలోంచి తీసేసిన పాతదొకటి తగిలించాను. టిఫిన్ మూత కథ అదే.

మర్నాడు సుపేలాలో బ్యాటరీల దుకాణానికి వెళ్లాను. కారు బ్యాటరీ పెడితే ఏమని అడిగాను. దుకాణం భయ్యా వద్దన్నాడు. అది ఇంజను లేపడానికి ఒక్కసారి గట్టిగా తోసి ఊరుకునే రకమట, గంటల తరబడి లాగించి ఖాళీ చేస్తే త్వరగా పాడైపోతుందట. నాకు వెంటనే అర్థమైంది. మా పెద్దనాన్న అలాంటివాడే. పెళ్లింట్లో పందిరి గుంజలు లేపేటప్పుడు కేకలన్నీ ఆయనవే, పని మొదలయ్యాక మంచం కూడా ఆయనదే.

ఇక రెండు మిగిలాయి. ఒకటి ఈ-రిక్షాల్లో వాడే సీసం బ్యాటరీ, ముప్పై కిలోలు. రెండోది లిథియం, పన్నెండు. పేరుకి రెండూ వంద ఆంపియర్లవే. కానీ సీసందాన్ని సగం వరకే వాడుకోవాలి, అంతకు మించి పిండితే దాని ఆయుష్షు తగ్గుతుంది. లిథియాన్ని దాదాపు అడుగు దాకా వాడుకోవచ్చు. ధర, వేరే ఛార్జరు సంగతి పక్కన పెడితే ఆలోచించాల్సిందేమీ లేదు.

అయినా ఆలోచించాను. ఇనుము కరిగించే ఊళ్లో తేలిక వస్తువుని ఎవరూ నమ్మరు. మావాళ్లు కుక్కరు కొన్నా, కుర్చీ కొన్నా ముందు ఎత్తి చూస్తారు. బరువుంటేనే సరుకు. ఆ మతానికి మా బావ పీఠాధిపతి. ఫోన్లో సంగతి చెప్పగానే తీర్పు ఇచ్చేశాడు. పన్నెండు కిలోలదేటి బొమ్మ, సీసందే తీసుకో, రెండు పక్కలా తాడు పట్టీలు ఉంటాయి కదా, నేనొచ్చాక రెండో పక్క నేను పడతాను అన్నాడు.

మిగతాదంతా వదిలేసి ఆ 'నేనొచ్చాక' అన్న మాట పట్టుకుని దుకాణానికి వెళ్లాను, సీసందే కావాలన్నాను. భయ్యా దాన్ని కిందికి దించి, 'అకేలే ఉఠాఓగే?' అని అడిగాడు. ఒక్కడివే ఎత్తుతావా అని. లేదు, మనిషి ఉన్నాడన్నాను. అతను నా వెనక్కి చూశాడు. నేనూ చూశాను. అక్కడ నా రిక్షా ఒక్కటే ఉంది.

రేపొస్తానని చెప్పి వచ్చేశాను. ఆ వారంలో మూడుసార్లు వెళ్లాను. మూడోసారి భయ్యా టీ తెప్పించాడు గానీ బ్యాటరీ మాటెత్తలేదు.

ఆదివారం బావ ఫోను చేశాడు. కొన్నావా అని అడిగాడు. కొనలేదని, చెరువు దగ్గర అడుగులు లెక్కపెట్టి వచ్చానని చెప్పాను. రిక్షా రోడ్డు మీదే ఆగిపోతుంది. అక్కణ్ణించి గట్టెక్కి దిగేసరికి రెండొందల అడుగులు. బ్యాటరీని అక్కడ వదిలేస్తే పొద్దుటికి ఇంకొకడి ఇంట్లో ఫ్యాను తిప్పుతుంది. ప్రతిసారీ మోసుకెళ్లాలి, మోసుకు రావాలి.

"ఎన్ని కేజీలన్నావు?"

"ముప్పై."

"ఒక్కడివీ ఎత్తగలవేటి?"

"నేనొక్కణ్ణే ఎందుకెత్తుతాను? రెండో పక్క నువ్వు లేవేటి బావా?"

వాళ్ల పెరట్లో ఎవరో కొబ్బరి మట్టలు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.

"తేలికదే తీసుకోరా," అన్నాడు.

ఎవరేమన్నా తిరిగి ఒకటి అంటించకుండా వదలనని సుపేలా ఆటో స్టాండులో నాకు పేరు. ఆ మాటకి మాత్రం అలాగే బావా అన్నాను. మీ దగ్గర వానలు పడ్డాయా అని అడిగాను. పడ్డాయట.

సోమవారం లిథియం కొన్నాను. ఆ ఆదివారం ఒంటిచేత్తో పట్టుకుని గట్టు దిగాను, కూరగాయల సంచీ పట్టుకున్నట్టే. నిజం చెప్పాలంటే మంచి వస్తువు. మోటారు మొదటి స్పీడులోనే హాయిగా లాగింది.

పడవే మాట వినలేదు. నేనూ మోటారూ బ్యాటరీ అందరం వెనకే ఉన్నాం. ముందు కొస పైకి లేచి, కొత్తగా సూపర్‌వైజరైనవాడి ముక్కులా ఆకాశంకేసి చూస్తోంది. గాలి కాస్త తగిలితే చాలు, గిర్రున తిరుగుతోంది. బ్యాటరీని వైరు అందినంత ముందుకి జరిపాను. పన్నెండు కిలోలు చాల్లేదు. అక్కడ ఎనభై కిలోల మనిషి కూర్చునేవాడు.

గట్టుకి వచ్చి కాపలా మనిషిని ఖాళీ బస్తా అడిగి, మన్ను నింపి ముందు బల్ల మీద పెట్టాను. కొంచెం దిగింది. ఇంకొకటి నింపాను. అప్పుడు పడవ తిన్నగా వెళ్లింది. చెరువు నడుమ మోటారు ఆపి గాలం వేశాను. అలవాటు కొద్దీ స్టాండులో జరిగిన గొడవొకటి నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆపేశాను. ఆ రోజు రెండు చేపలు పడ్డాయి. ఒకటి కాపలా మనిషికి ఇచ్చేశాను.

సాయంత్రం బావ ఫోను చేసి బ్యాటరీ ఎలా ఉందని అడిగాడు. బాగుంది, బొమ్మే గానీ బలమున్న బొమ్మ అన్నాను. పడవ తిన్నగా నడుస్తోందా అన్నాడు. నడుస్తోందన్నాను. నీ చోట రెండు మట్టి బస్తాలు కూర్చోబెట్టాను, నీకన్నా నయం, తెడ్డు నీళ్లు నా మొహాన కొట్టవు అనాలని నోటిదాకా వచ్చింది. మంచి జోకు. చెప్పలేదు.