గోలు కాసే నర్సమ్మ

ఆసుపత్రి నుంచి రాగానే నర్సమ్మ జడ ముడేసుకుని, ఆన్‌లైన్ ఫుట్‌బాల్‌లో అన్నయ్య జట్టుకి గోలు కాస్తుంది. పాత ఇంట్లో నెట్ నత్తనడక. "జట్టువాళ్లు నిన్ను తీసేయమంటున్నారే," అన్నాడు అన్నయ్య. అందుకే అద్దెకి కొత్త ఇల్లు వెతుకుతోంది.

"మా నెట్‌లో సినిమా ఎక్కడా ఆగదమ్మా," అంది ఇంటావిడ.

"అది చాలదండీ, నేను మీట నొక్కగానే ఆటలో గోల్‌కీపర్ దూకాలి. మీవాళ్లందర్నీ టీవీ, ఫోన్లు పెట్టమనండి, అందరూ వాడుతుంటే ఎలా ఉంటుందో చూద్దాం."

పెట్టారు. నర్సమ్మ ల్యాప్‌టాప్ తెరిచి వైఫైలో ఆడితే, గోల్‌కీపర్ దూకేలోపే బంతి వలలో పడింది. పెదవి విరిచి, సంచిలోంచి కేబుల్ తీసి ల్యాప్‌టాప్‌ని నేరుగా మోడెంకి తగిలించింది. ఈసారి నొక్కీనొక్కగానే గోల్‌కీపర్ దూకి బంతిని ఒడిసిపట్టాడు.

వంటిల్లు చూపించాల్సిన ఇంటావిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "మనవాళ్లు ఎరుపా, నీలమా?"