పెదాలు ముందు, మాట వెనక

ఆవిడని ఆఫీసులో అందరూ ఆపక్క అనేవారు. ఫోను ఎత్తగానే ఎవరికైనా ఆవిడ మొదట చెప్పే మాట "ఒక్కసారి ఆపి, మళ్ళీ ఆన్ చెయ్యండి" అని. ఆ పేరు పెట్టినతను వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు గానీ, పేరు మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

వాళ్ళ కంపెనీ వీడియో రికార్డర్లు చేస్తుంది. సినిమాల వాళ్ళు, టీవీ వాళ్ళు, పెళ్ళిళ్ళకి వీడియోలు తీసేవాళ్ళు కెమెరా నెత్తిన చిన్న టీవీ లాంటి పెట్టె ఒకటి బిగించుకుంటారు చూడండి, అదే. కెమెరా చూసేదంతా దాని తెర మీద పెద్దగా కనిపిస్తుంది, లోపలి డిస్కులో రికార్డవుతుంది. ఆ పెట్టెని నడిపించే ప్రోగ్రాముని ఫర్మ్‌వేర్ అంటారు. కంపెనీ అప్పుడప్పుడూ దాన్ని సవరించి కొత్తది వదులుతుంది. వదిలిన మర్నాటి నుంచి ఆపక్కకి ఊపిరాడదు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందమ్మా," అని ఒకాయన అరిచేవాడు. "మీ అప్‌డేట్ చేసుకున్నాక తెర నల్లగా కూర్చుంది."

"నాలుక ఎక్కడికీ పోదు సార్. బ్యాటరీ ఎంతుందో చూసి చెప్పండి," అనేది ఆవిడ. ఆ గొంతులో తొందర ఉండదు, విసుగుండదు. అరిచినవాళ్ళు కూడా ఫోను పెట్టేసే ముందు మెత్తబడి, "భోజనం చేశారా మేడం?" అని అడిగిన రోజులున్నాయి.

కళ్ళజోళ్ళ షాపు పైన, రెండో అంతస్తులో ఆఫీసు. కిటికీ పక్క బల్ల ఆవిడది. వెనక అల్మారాలో రిపేరుకి వచ్చిన రికార్డర్లు వరసగా ఉండేవి. ఇంట్లో అయితే ఒక గది, ఒక వంటగది, వేసి ఉన్న టీవీ. విడాకులయ్యాక తీసుకున్న ఇల్లు అది. పగలంతా అలుపు లేకుండా మాట్లాడిన గొంతుకి సాయంత్రం తలుపు తాళం తీశాక ఇక పని ఉండేది కాదు. సోమవారం పొద్దున మొదటి ఫోనుకి ఒక్కోసారి గొంతు పెగిలేది కాదు. సెలవు రోజుల్లో ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడలేదని ఆవిడకి అప్పుడు గుర్తొచ్చేది.

ఆ ఉద్యోగంలో ఇంకో సంగతుంది. యంత్రం ఏం తప్పు చేస్తోందో చూపించడానికి కస్టమర్లు వాళ్ళు తీసిన వీడియో ముక్కలు పంపేవారు. తప్పు చూడాలి గానీ అందులో మనుషుల్ని చూడకూడదు అనేవాడు మేనేజరు. కళ్ళున్నాక చూడకుండా ఎలా ఉంటారు? ఎవరిదో ఫుట్‌బాల్ ఆట, ఎవరి షాపో ప్రారంభం, ఎవరి పాపో మొదటిసారి ఈత కొట్టడం. ముందూ వెనకా లేని ముక్కలు. పని అయ్యాక వాటిని తీసెయ్యాలి. తీసేసేది. కానీ ఆ ఈత కొట్టిన పాప అవతలి గట్టుకి చేరిందో లేదో అని బస్సులో కూర్చుని ఆలోచించేది.

ఒకసారి కొత్త అప్‌డేట్ వచ్చిన వారంలో పెళ్ళి వీడియోలు తీసే అతను ఫోను చేశాడు. మనిషి బాగా కంగారులో ఉన్నాడు.

"మెరుపొచ్చాక ఉరుమొచ్చినట్టుంది మేడం. పెదాలు ముందు కదులుతున్నాయి, మాట వెనక వస్తోంది. పెళ్ళి మొత్తం ఇలాగే రికార్డయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని వాళ్ళని అడగలేను కదా!"

"అడగక్కర్లేదు లెండి. మాట వెనకబడడం మొదట్నుంచీ చివరిదాకా ఒకేలా ఉంటే, ఆ తేడా ఎంతో అంత ముందుకి జరిపితే సరిపోతుంది. పోనుపోనూ పెరుగుతుంటేనే కష్టం. ముక్క ఒకటి పంపండి, చూసి చెప్తాను."

మధ్యాహ్నానికి ముక్క వచ్చింది. ఆపక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర ముందు కూర్చుంది. పూలు కట్టిన హాలు. కుర్చీలు సర్దుతున్నారు. ఎవరో చప్పట్లు కొట్టి పిల్లల్ని పక్కకి తప్పుకోమంటున్నారు. చేతులు కలిసిన క్షణానికీ, చప్పుడుకీ తేడా ఎంతో కొలిచి రాసుకుంది. ఇక చివర్లో కూడా అంతే ఉందో లేదో చూడాలి.

చివర్లో ఒక మనిషి వేదిక పక్కన నిలబడి ఉన్నాడు. కూతురి పెళ్ళిలో నాలుగు మాటలు మాట్లాడడానికి సిద్ధమవుతున్నాడు. కాలరుకి మైకు పెట్టారు. నుదురు తుడుచుకుని, కెమెరా వైపు తిరిగాడు.

ఆయన ఆవిడ అన్నయ్య.

ఆపక్క వీడియో ఆపింది. మళ్ళీ మొదటికి పోయింది. ఇందాక పూలనీ కుర్చీలనీ చూసింది గానీ మనుషుల్ని చూడలేదు. పెళ్ళికూతురు మేనకోడలే. పక్కన వదిన. వదిన భుజం మీదుగా వంగి ఏదో చెబుతున్నది వదిన తమ్ముడు, ఒకప్పుడు ఈవిడ భర్త. అన్నకి అక్కనీ, చెల్లెలికి తమ్ముణ్ణీ ఇచ్చి చేసిన పెళ్ళిళ్ళు వాళ్ళవి. అందుకే మేనకోడలు చిన్నప్పుడు, "నువ్వు నాకు రెండు వైపుల నుంచీ అత్తవే, నాకు రెండు చాక్లెట్లు ఇవ్వాలి," అనేది.

సంబంధం కుదిరిందని మాత్రం ఆ మధ్య అన్నయ్య చెప్పాడు. తేదీ ఇంకా అనుకోలేదన్నాడు.

పక్క బల్ల దగ్గర ఎవరో టీ తెమ్మంటారా అని అడిగారు. వద్దని చెయ్యి ఊపింది. పని సగంలో ఉంది. అవతల ఒకతను ఫోను చేతిలో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చివరి భాగం మళ్ళీ పెట్టింది.

ఒక పెద్దాయన అన్నయ్య దగ్గరికి వచ్చాడు. "మీ చెల్లెలు కనబడదేం?"

"రాలేదండీ. దానికి ఆఫీసులో పని. ఎంత బతిమాలినా లీవు దొరకదంది," అన్నాడు అన్నయ్య. కాలరు మైకు ఆన్‌లోనే ఉందని ఆయనకి తెలియదు.

మాట ఎంత వెనకబడిందో తేల్చడానికి ప, బ, మ లాంటి అక్షరాలు కావాలి. అవి పలకాలంటే పెదాలు కలిసి తీరాలి. ఆ ముక్కలో అన్నయ్య పెదాలు తేటగా కనిపించేది "పని" అన్న మాట దగ్గరే. ఆపక్క అక్కడ ఆపింది. ఒక్కో ఫ్రేమూ జరిపింది. పెదాలు మూసుకున్నాయి, విడిపోయాయి. తర్వాత మాట వచ్చింది. అనుమానం తీరక మళ్ళీ చూసింది. దానికి ఆఫీసులో పని. దానికి ఆఫీసులో పని. తేడా మొదట్లో ఎంతో చివరా అంతే. ఆ మాటని ముందుకి జరిపి పెదాల మీద సరిగ్గా కూర్చోబెట్టి, ఒకసారి విని, హెడ్‌ఫోన్లు తీసేసింది.

అతనికి ఫోను చేసి ఎంత జరపాలో చెప్పింది. "బతికించారు మేడం," అన్నాడతను.

ఫర్మ్‌వేర్ రాసే ఇంజినీరుకి కూడా చెప్పాలి. ఎప్పుడడిగినా "కొత్తది ఇంకా ఉడకలేదు" అంటాడని ఆయన్ని అందరూ వంటాయన అంటారు. వంటాయన ఆవిడ ముఖం చూసి, "ఏంటక్కా, అలా ఉన్నావు?" అన్నాడు.

"ఏం లేదు. ఈసారిది పచ్చిగానే దించేశావు," అంది. ఆయన నవ్వాడు. ఆవిడా నవ్వింది.

ఆదివారం దాకా ఓపిక పట్టి అన్నయ్యకి ఫోను చేసింది.

"పెళ్ళి అయిపోయిందటగా అన్నయ్యా."

"ఎవరు చెప్పారు?"

"తెలిసింది."

"అది కాదు చిన్నీ... నువ్వొస్తే వాడు రానన్నాడు. వాడేమో మేనమామ. మీ వదిన ఏడుపు. నా పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"నన్ను అడిగితే నేనే రానని చెప్పేదాన్ని కదా."

"నిన్ను రావద్దని ఏ నోటితో చెప్పమంటావు?"

"ఆ నోటితోనే చెప్పాల్సింది. రావద్దని అయినా చెప్పాల్సింది అన్నయ్యా."

అన్నయ్య గొంతు తగ్గించి, "అమ్మాయికి ఇవేం తెలీవు. నీకు లీవు దొరకలేదని చెప్పాం. తెలిస్తే అది వాళ్ళ మావయ్యతో గొడవ పడుతుందేమోనని భయం. నువ్వు కూడా..." అని ఆగిపోయాడు.

"సరేలే," అంది ఆవిడ.

మేనకోడలు కొన్నాళ్ళకి భర్తని వెంటబెట్టుకుని వచ్చింది. ఆపక్క పొద్దున్నే లేచి ఇల్లంతా తుడిచింది. ఉన్న రెండు కుర్చీలూ వాళ్ళకి వేసి, తను మంచం అంచున కూర్చుంది. ఆ అబ్బాయి నెమ్మదస్తుడు. టీ తాగి, అత్తాకోడళ్ళు మాట్లాడుకోండని బాల్కనీలోకి వెళ్ళాడు.

"నీ మీద నాకు చాలా కోపం అత్తా," అంది మేనకోడలు. "ఫోటోలు తీస్తున్నంతసేపూ గుమ్మం వైపే చూశాను. ఆఖరి నిమిషంలోనైనా వస్తావనుకున్నా. ఒక్క రోజు లీవు కూడా ఇవ్వరా మీ వాళ్ళు?"

ఆపక్కకి నిజం నోటిదాకా వచ్చింది. పిల్ల కొత్తగా పెళ్ళైన ముఖం వేసుకుని ఎదురుగా కూర్చుంది. దాని వెనక ఒక తండ్రి ఉన్నాడు, ఒక తల్లి ఉంది, ఒక మేనమామ ఉన్నాడు.

"కొత్త అప్‌డేట్ వచ్చింది తల్లీ. ఫోన్లు ఆగలేదు," అంది.

"నాకంటే ఆ డబ్బాలు ఎక్కువయ్యాయన్నమాట."

"తప్పైపోయింది."

పిల్ల మూతి ముడుచుకుంది. కాసేపటికి లేచి వచ్చి పక్కన కూర్చుని, తల ఆవిడ భుజానికి ఆనించింది. కోపం మొత్తం పోలేదని ఆ ఆనించడంలోనే తెలుస్తోంది. ఆవిడ కదలకుండా కూర్చుంది.

ఆ తర్వాత మేనకోడలు అప్పుడప్పుడూ ఫోను చేయడం మొదలుపెట్టింది. చేసినప్పుడల్లా ముందు, "పనిలో ఉన్నావా అత్తా?" అని అడుగుతుంది.

"లేదమ్మా, ఖాళీగానే ఉన్నా. చెప్పు," అంటుంది ఆపక్క.

పిల్ల కొత్త ఇంటి సంగతులు గబగబా చెబుతుంది. కుళాయి కారుతోందని, అత్తగారు మంచిదేనని, వంటింట్లో గిన్నెలు ఎక్కడున్నాయో ఇంకా తెలియడం లేదని. మాట మధ్యలోనే ఏదో గుర్తొచ్చినట్టు, "అయ్యో, నీకు అవతల ఫోన్లు వస్తుంటాయేమో. ఉంటా మరి," అంటుంది.

"పర్లేదు, మాట్లాడు," అంటుంది ఈవిడ. అప్పటికే పిల్ల ఫోను పెట్టేసి ఉంటుంది.