పిట్టలు లేవలేదు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. బొంబాయి నాగ్‌పాడాలో మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ని. ఏది ఆగిపోయినా లోపల ఎక్కడో తీగ తెగి ఉంటుందనే నా లెక్క. అందుకే ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల మధ్యలో జరిగింది. అక్కావాళ్లూ నేనూ కామాటిపుర పదో గల్లీలో, వరసగా ఒంటిగదులుండే ఒక చాల్‌లో ఉండేవాళ్లం. మా అక్క భర్త నర్సింలు బావ ప్రెస్సులో పనిచేసేవాడు. అక్కడ పిట్టల పుస్తకం ఒకటి అచ్చవుతుంటే, రంగు చెడిన కాగితాలు ఇంటికి తెచ్చి కుట్టుకున్నాడు. అప్పట్నుంచీ పిట్టల పిచ్చి పట్టింది. చోర్ బజార్‌లో పాత దుర్భిణి కొన్నాడు. ఆదివారం వస్తే ఒక్కడే లోకల్ రైలెక్కి భాండుప్ దగ్గర ఉప్పు మడుల వైపు పోయేవాడు.

అక్కకు అనుమానం. పెళ్లయిన మగవాడు వారం వారం పిట్టల్ని చూడటానికి పోతున్నానంటే ఎవరు నమ్ముతారు?

"నువ్వు గూడ పోయి సూసిరా తమ్మీ. నిజంగ పిట్టలేనా?" అంది.

జనవరిలో ఒక ఆదివారం బావ వెంట నేనూ బయల్దేరాను. తొమ్మిదింటికల్లా గట్టు మీద ఉన్నాం. ఆటుకు సముద్రపు నీళ్లు వెనక్కి పోయి బురద బయటపడింది. దాని నిండా కొంగలు, ఉల్లంకులు, పొడుగాటి ఎర్రకాళ్ల పిట్టలు. మేం దగ్గితే చాలు, ఒక గుంపు లేచి అవతల వాలేది. నిజంగా పిట్టలే. అక్కకు ఆ మాటే చెబుదామనుకున్నాను.

దుర్భిణి నా చేతిలో ఉన్నప్పుడే ఆమె కనిపించింది. ఆకుపచ్చ చీర. చేతిలో గంప లేదు, వల లేదు. బురదలో పిట్టల మధ్య నుంచి నడుస్తోంది. పీతలు ఏరుకునే మనిషేమో అనుకున్నాను. కానీ ఒక్క పిట్టా లేవలేదు. ఆమె కాళ్ల పక్కనే ముక్కులతో బురదలో పొడుచుకుంటున్నాయి. మనిషి అల్లంత దూరాన ఉండగానే గోల చేసే తీతువు కూడా అరవలేదు.

దుర్భిణి బావకిచ్చాను. చూడగానే ముఖం మారిపోయింది.

"ఎవరు బావా?"

"పిలుస్తున్నది. నా పేరు వెట్టి పిలుస్తున్నది, ఇనవడ్తలేదా?"

నాకేమీ వినబడలేదు. బావ దుర్భిణి నా చేతిలో పెట్టి గట్టు దిగాడు.

అక్క అనుమానమే నిజమైందనుకున్నాను. కోపంతో అక్కడే నిలబడిపోయాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బావ అడుగేసిన ప్రతిచోటా పిట్టలు చెల్లాచెదురుగా లేచాయి. ముప్పై నలభై అడుగులు పోయాక తొడల దాకా కూరుకుపోయి కదల్లేకపోయాడు. నీళ్లు మళ్లీ ఎక్కుతున్నాయి. అప్పుడు భయమేసి కేకలు పెట్టాను.

ఉప్పు మడిలో పనిచేసే ముసలాయన ఒకరు చెక్కలు, తాడు పట్టుకొని పరుగెత్తుకొచ్చారు. చెక్కలు బురద మీద పరిచి ఇద్దరం బావను లాగాం. నీళ్లు నడుము దాటాయప్పటికి. ఆ ఆడమనిషి ఎటు పోయిందని అడిగితే ముసలాయన నన్ను వింతగా చూశారు. ఆ బురదలోకి ఎవరూ దిగరన్నారు.

దుర్భిణితో వెతికాను. ఆమె నడిచిన బురద మిట్ట ఇంకా నీళ్లలో మునగలేదు. దాని మీద పిట్టల అడుగులున్నాయి. మనిషి అడుగు ఒక్కటీ లేదు. దాక్కోవడానికి చుట్టుపక్కల చెట్టూ లేదు.

రైల్లో అడిగాను. "నిజం చెప్పు బావా, ఎవరామె?"

"నీ మీద ఒట్టు యాదగిరీ, నాకెర్కలేదు. 'నర్సిగా' అని పిలిచింది. మా అమ్మ సచ్చినంక నన్నెవ్వలు అట్ల పిలువలేదు. బంబైల ఆ పేరు ఎవ్వలకు ఎర్క?"

ఇంటికి రాగానే అక్క అడిగింది. "ఏం సూసిండ్రు?"

"పిట్టల్ని" అన్నాం ఇద్దరం ఒక్కసారే. అక్క మా ముఖాలు మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత ఆమె నన్నూ నమ్మలేదు.

బావ మళ్లీ అటు పోలేదు. ఆయన నాతో అబద్ధమాడాడని సరిపెట్టుకోవాలని చాలాసార్లు చూశాను. అదే సులువు. కానీ బురదలో ఆ ఆడమనిషి నడవడం చూసింది ఆయన ఒక్కడే కాదు, నేనూ చూశాను. ఏం చూశానో ఇన్నేళ్లయినా చెప్పలేను.