సన్న తీగ

కంపెనీలు పారేసిన సర్వర్ల పవర్ సప్లైలకు, తీగలు బిగించుకునే వీలిచ్చే బ్రేకౌట్ బోర్డు తగిలించి, ధర్మవరం మగ్గాల మీద బుటాలు తీసే జకార్డులకు కరెంటు ఇస్తాడు దాదాపీర్. కేబుళ్లు తానే చేస్తాడు. బిగించిన ప్రతి కేబుల్‌నూ చెంపకు ఆనించి వేడి చూస్తాడు.

ఆ రోజు కేబుల్ కాలిపోయి భారతి జకార్డు ఆగిపోయింది. సాయంత్రంలోగా చీర దిగకపోతే మగ్గాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు యజమాని. లావు తీగ అయిపోవడంతో దాదాపీర్ సన్నదే రెండు పేటలుగా మెలిపెట్టి బిగించాడు. పవర్ సప్లైలోని ఫ్యాను గీపెట్టింది, జకార్డు కదిలింది.

"ఏమన్నా, తీగకు ముద్దులు పెడతాండావే!" భారతి నవ్వింది.

అతని చెంప చురుక్కుమంది. ఆ ముఖం చూసి ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఆపొద్దన్నా, ఇంగ జానెడే ఉండాది."

"నెయ్యిమ్మా."

అట్టముక్కతో కేబుల్‌కు విసురుతూ కూర్చున్నాడు. కాలిన వాసన గదంతా కమ్ముకున్నా ఆమె నేస్తూనే ఉంది, అతను విసురుతూనే ఉన్నాడు.